కొత్త బాల్ పైథాన్: మేత అలవాటు చేయడం, మైట్లను వదిలించడం ఎలా?

బాల్ పైథాన్‌ను పెంచుకోవడం మొదలుపెట్టినవారిని తొలి రెండు నెలల్లో పట్టి పీడించే ప్రశ్నలు రెండే. ఒకటి, ఇది తినడం లేదేమిటి? రెండు, దీని ఒంటి మీద ఈ నల్లచుక్కలేమిటి? ఈ రెండూ వేర్వేరు సమస్యలనుకుని ఒకదాని తర్వాత ఒకటి చూద్దామనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఆ చుక్కలు చాలాసార్లు మైట్లు, అంటే రక్తం పీల్చే సన్నటి పురుగులు. ఒంటి నిండా అవి ఉన్న పాము ఎరను ముట్టదు. అది తెలియక మనం ఎర మారుస్తాం, ఆ ఎర పరిమాణం మారుస్తాం, రోజూ పెట్టె తెరిచి పట్టకారు ఆడిస్తాం. పాము ఇంకా బెదిరిపోతుంది, ఈలోగా పురుగులు మరో తరం పెరుగుతాయి. కాబట్టి మీరు పాటించాల్సిన వరుస ఇది: ముందు పాము ఒళ్లు చూడండి, తర్వాత అది ఉండే పెట్టె చూడండి, ఎర గురించి ఆలోచించడం ఆ తర్వాతే.

కొనేముందు

మీరున్న చోట ఈ పామును పెంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, అనుమతి పత్రాలేమైనా కావాలా అన్నది మొదట తేల్చుకోండి. బాల్ పైథాన్, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి. దేశాల మధ్య దాని వ్యాపారానికి అనుమతులు కావాలి.

పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల అంచుల్లో, గడ్డిమైదానాల్లో పుట్టి పెరిగి, అక్కడి నుంచి పట్టి తెచ్చిన పాము కన్నా మనుషుల దగ్గర గుడ్డు నుంచి పుట్టిన పాము వెయ్యి రెట్లు నయం. అడవిలో పట్టినవాటికి లోపలా బయటా పరాన్నజీవులు ఎక్కువ, కొత్తచోట మేత ముట్టడం తక్కువ. అమ్మేవారిని ఈ నాలుగు విషయాలు అడిగి కాగితం మీద రాసుకోండి: ఇంతవరకు ఏం తింటోంది (చుంచెలుకా, ఎలుకా), బతికున్నదా లేక ఫ్రీజర్‌లో పెట్టి కరిగించినదా, ఎన్ని రోజులకోసారి, ఆఖరిసారి ఎప్పుడు. "అన్నీ తింటుందండీ" అనేది జవాబు కాదు. వీలైతే మీ కళ్ల ముందు ఒకసారి తినిపించమనండి.

ఇక తడిపి పిండిన తెల్లటి కాగితపు తువ్వాలు ఒకటి దగ్గర ఉంచుకోండి. పామును దానిలోంచి మెల్లగా జారనివ్వండి. కాగితం మీద మిరియపు పొడి రాలినట్టు నల్లచుక్కలు కనిపిస్తే ఒక చుక్కను గోరుతో నొక్కండి. ఎర్రటి గీత పడితే అది రక్తం తాగిన మైటే. ఆ పామును అక్కడే వదిలేసి రావడం మంచిది. ముచ్చటపడి తెచ్చేసుకుంటే కింద మైట్ల గురించి చెప్పిన పనులన్నీ మొదటి రోజు నుంచే మీ మెడకు చుట్టుకుంటాయి.

పెట్టెలో ఏమేం సరిగా ఉండాలి

బాల్ పైథాన్ తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. కడుపులో పడ్డ ఎర అరగాలంటే బయటి వేడే ఆధారం. పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రాత్రుళ్లు ఏ మూలా 24కు దిగువకు పడకుండా చూసుకోండి. గాలిలో తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. వేడిని ఇచ్చే పరికరం ఏదైనా సరే, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టకండి. వేడెక్కే రాళ్లు అసలే వద్దు. పాము పొట్ట కాలుతున్నా కదలకుండా వాటి మీద అలాగే పడుకుని ఉంటుంది.

పెట్టె గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి. తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని, ఒకటి వేడి పక్క నేల మీద, ఒకటి చల్ల పక్క నేల మీద పెట్టండి. పాము ఉండేది నేల మీద కాబట్టి అక్కడి వేడే లెక్క.

దాక్కునే గూళ్లు రెండు కావాలి, వేడి పక్కన ఒకటి, చల్ల పక్కన ఒకటి. అవి ఎంత ఇరుకుగా ఉంటే పాముకు అంత ధైర్యం. చుట్టుకుని పడుకుంటే వెన్ను, పక్కలు గూటి గోడలకు తగలాలి. విశాలంగా, అందంగా ఉండే గుహలు మన కంటికి బాగుంటాయి గానీ పాముకు అవి దాక్కున్న భావన ఇవ్వవు. మేత మానేసిన ఎన్నో పాములు గూడు మార్చగానే తిన్నాయి.

కింద పరిచేది మొదటి 3 నెలలూ తెల్లటి కాగితపు తువ్వాళ్లే కావాలి. చూడటానికి ఆసుపత్రి మంచంలా ఉంటుంది, అయినా మైట్లు, మలం రంగు, కక్కిన జాడ అన్నీ దాని మీదే తెలుస్తాయి. దేవదారు చెక్క పొట్టు మాత్రం ఎప్పుడూ వద్దు, అందులోని నూనెలు పాము ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి.

మొదటి వారం: ఏమీ చేయకండి

తెచ్చిన రోజు పామును పెట్టెలోకి వదిలి, నీళ్లు పెట్టి, మూత వేయండి. 5 నుంచి 7 రోజులు పట్టుకోకండి, ఎర పెట్టకండి, చుట్టాలను పిలిచి చూపించకండి. నీళ్లు మార్చడానికి, మలం తీయడానికి తప్ప చేయి లోపల పెట్టవద్దు. కొత్త పామును సంతోషపెట్టే మార్గం దాన్ని మరిచిపోయినట్టు ఉండటమే. కొనుక్కున్నవారికి ఇంతకన్నా కష్టమైన వారం ఉండదని ఒప్పుకుంటాను.

ఆ వారంలో ఒక పని మాత్రం మీకు ఉంది. గ్రాముల్లో తూచే చిన్న తూకం కొని ఉంచుకోండి. వారం చివర, ఎర పెట్టేముందు, మూత ఉన్న డబ్బాలో పామును ఉంచి తూచి, తేదీతో సహా రాసుకోండి. ఇక ముందు "చిక్కిపోయిందేమో" అన్న ఆందోళనకు ఆ పుస్తకమే జవాబు చెప్పాలి, మీ కళ్లు కాదు.

ఎర ఎంత, ఎన్నాళ్లకోసారి

పాము ఒంట్లో బాగా లావుగా ఉన్న చోటుతో ఎర నడుమును పోల్చండి. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి, ఎర కాస్త సన్నంగా ఉన్నా నష్టం లేదు. బరువు లెక్కన చూసుకోవాలంటే, 200 గ్రాముల లోపు పిల్ల పాముకు దాని బరువులో 10 నుంచి 15 శాతం ఎర, వారానికోసారి. అంటే 100 గ్రాముల పాముకు 10 నుంచి 15 గ్రాముల ఎర. పెరిగే కొద్దీ ఈ శాతం తగ్గుతూ, గడువు పెరుగుతూ పోవాలి. 500 గ్రాములకు చేరేసరికి 10 నుంచి 14 రోజులకోసారి, పెద్దయ్యాక 5 శాతం అటూ ఇటూ ఎర 3, 4 వారాలకోసారి చాలు. పెద్ద పాముకు వారం వారం పెడితే తింటుంది, కొవ్వు పడుతుంది, ఆ తర్వాత తానే నెలల తరబడి మానేస్తుంది.

చుంచెలుకల మీద పెరిగిన పామును ఎలుకల మీదికి మళ్లించడం ఒక్కోసారి పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఇవి అలవాటైన వాసనకే మొగ్గు చూపుతాయి. అందుకే అమ్మినవారు ఏం పెట్టారో మొదటి కొన్ని నెలలు మీరూ అదే పెట్టండి. మార్పు తర్వాత చూసుకోవచ్చు. అది కూడా చిన్నప్పుడే మొదలుపెడితే సులువు.

బతికున్న ఎర కన్నా చంపి గడ్డకట్టించిన ఎర మేలు. పాము ఆ పూట తినకపోతే బతికున్న ఎలుక ఊరుకోదు, పామునే కొరుకుతుంది. వెన్ను మీద ఎముక కనిపించేంత పుండ్లు పడ్డ పాములు, కన్ను పోగొట్టుకున్న పాములు అలా తయారైనవే. తప్పనిసరై బతికున్నది పెట్టాల్సివస్తే క్షణం కూడా చూపు తిప్పకండి, 15 నిమిషాల్లో పట్టకపోతే తీసేయండి. బయట పట్టిన ఎలుకలు మాత్రం ఎప్పుడూ వద్దు. అవి ఎలుకల మందు తిని ఉండవచ్చు, రోగాలు మోస్తూ ఉండవచ్చు.

ఎర కరిగించి అందించడం

ముందురోజు రాత్రి గడ్డకట్టిన ఎరను గాలి చొరని సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మర్నాడు సాయంత్రం ఆ సంచిని వేడి నీళ్లలో 15, 20 నిమిషాలు ఉంచండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే తోలు ఉడికి కడుపు పగులుతుంది. మైక్రోవేవ్ ఊసెత్తకండి: ఒకచోట మండిపోయి ఇంకోచోట మంచుగడ్డగా ఉంటుంది, కొన్నిసార్లు పేలుతుంది కూడా. పొట్ట మీద వేలితో నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే మధ్యలో ఇంకా మంచు ఉన్నట్టే. అలాంటిది మింగితే పాము కక్కేస్తుంది. పూర్తిగా మెత్తబడ్డాక బయటకు తీసి, కాగితంతో తడి తుడిచి, చివరగా తల భాగాన్ని మాత్రం సంచితో సహా ఇంకోసారి వేడి నీళ్లలో ముంచి తీయండి. తల 38 డిగ్రీల దగ్గర ఉండాలి.

ఆ చివరి పని చాదస్తం కాదు. బాల్ పైథాన్ పై పెదవి వెంట వరుసగా చిన్న గుంటలుంటాయి, వేడిని పసిగట్టేది వాటితోనే. చీకట్లో దానికి ఎలుక అంటే ఒక వెచ్చటి మచ్చ. మీ చేయి కూడా వెచ్చటి మచ్చే అన్నది గుర్తుంటే పొడవాటి పట్టకారు ఎందుకు కావాలో వేరే చెప్పక్కరలేదు.

చీకటి పడ్డాక, గదిలో దీపం తగ్గించి, పెట్టె మూత చప్పుడు లేకుండా తెరవండి. పట్టకారుతో ఎర నడుమును పట్టి, తల ముందుకు ఉండేలా, గూటి వాకిలికి జానెడు దూరంలో తేండి. మొహం మీదికి తోయకండి. ఎలుక ఒక పక్క నుంచి మరో పక్కకు నడుస్తున్నట్టు కొద్దిగా కదిలించి ఆపండి. ఆకలిగా ఉన్న పాము నాలుక మెల్లగా, పొడవుగా ఆడిస్తూ తల బయట పెడుతుంది. మెడ వెనక్కి లాగి మెలిక పెడుతుంది, చూపు ఎర మీదే నిలుస్తుంది. అక్కడ మీ చేయి ఆగిపోవాలి. ఆ తర్వాతి కాటు కంటికి ఆనదు. ఎర చుట్టూ రెండు మూడు చుట్లు బిగిసిన తర్వాతే తెలుస్తుంది. అదే పాము తలను చుట్ల లోపలికి దాచి బంతిలా ముడుచుకుంటే అది భయం. పట్టకారు వెనక్కి తీసుకోండి.

చుట్టాక కూడా చాలాసేపు కదలదు. పది నిమిషాలో ఇంకా ఎక్కువో గడిచాక పట్టు సడలించి, ముక్కుతో వెతుక్కుంటూ తల దగ్గరకు వచ్చి అక్కడి నుంచి మింగడం మొదలుపెడుతుంది. ఒక దవడ ముందుకు, ఇంకో దవడ ముందుకు, అలా. అయిపోయాక నోరు బార్లా తెరిచి రెండు మూడుసార్లు ఆవులిస్తుంది, దవడలు సర్దుకోవడమే అది. ఫోను తీసి దగ్గరగా వీడియో తీద్దామన్న కోరిక చంపుకోండి. మధ్యలో బెదిరిస్తే వదిలేసి పోతుంది. తిన్నాక 48 గంటలు, ఎర పెద్దదైతే ఇంకో రోజు, పట్టుకోవద్దు.

తిండి కోసం పామును వేరే డబ్బాలోకి మార్చాలని, లేకపోతే చేతిని కరవడం నేర్చుకుంటుందని ఇప్పటికీ కొందరు చెబుతారు. దాని వల్ల లాభమేమీ లేదు. మార్పుతో బెదిరి తినడం మానడం, తిన్న పామును మళ్లీ ఎత్తి పెట్టెలో వేసేటప్పుడు కక్కించడం, ఇవి మాత్రం జరుగుతాయి. దాని ఇంట్లోనే పెట్టండి. ఎరను ముట్టిన చేతులు, పాత్రలు సబ్బుతో కడగండి. సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బాక్టీరియా పాము ఒంటి మీదా ఉంటుంది, ఎలుక ఒంటి మీదా ఉంటుంది. వంటకు వాడే గిన్నెలు, పట్టకార్లు దీనికి వాడవద్దు.

తినకపోతే

మొదటిసారి తినకపోవడం వార్త కాదు. ఎరను గూటి వాకిలి దగ్గర ఒక చిన్న పళ్లెంలో పెట్టి, దీపాలార్పి, గది విడిచి వెళ్లండి. సిగ్గరి పాములు చాలా వరకు తెల్లవారేలోపు దాన్ని తినేస్తాయి. పొద్దున కూడా అలాగే ఉంటే పారేయండి. దాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఇక వారం వరకు మరో ప్రయత్నం చేయకండి. రోజూ ఎర చూపిస్తే పాముకు ఆకలి పుట్టదు, ఎర అంటేనే చిరాకు పుడుతుంది.

ఈ వారంలో వెతకాల్సింది కారణం. కళ్లు నీలంగా మసకబారి, పొట్ట గులాబీ రంగుకు తిరిగిందా? కుబుసం విడవబోతోంది, విడిచిన రెండు మూడు రోజులకు పెట్టండి. వేడి పక్క నిజంగా 31 దాటిందా? గూడు వదులుగా ఉందా? పెట్టె ఎదురుగా కుక్కో, పిల్లలో, టీవీయో ఉందా? అద్దాల పెట్టె అయితే మూడు పక్కలా నల్ల కాగితం అంటించి చూడండి. ఇవన్నీ సరిగానే ఉంటే తెల్ల కాగితంతో మళ్లీ ఒళ్లంతా తుడిచి మైట్ల కోసం చూడండి. ఈ జాబితాలో ఎక్కువమంది వదిలేసే పని ఇదే.

ఆ తర్వాతే ఎర మార్పు. ఎలుకకు బదులు చుంచెలుక, తెల్లదానికి బదులు ముదురు రంగుది, ఒక సైజు చిన్నది. జెర్బిల్ (ఎలుకను పోలిన చిన్న జీవి) వాసన బాగా పనిచేస్తుంది, అడవిలో ఈ పాముల మేతలో అలాంటి జీవులే ఉంటాయి కాబట్టి. జెర్బిళ్లు పెంచేవారి దగ్గర వాడేసిన పొట్టు గుప్పెడు అడిగి తెచ్చి, ఎరను అందులో దొర్లించి పెట్టవచ్చు. కరిగిన ఎర తలకు సూదితో చిన్న గాటు పెడితే ఆ వాసనకు కదిలే పాములూ ఉన్నాయి, చూడలేకపోతే వదిలేయండి.

ఎన్నాళ్లు ఆగవచ్చు? పెద్ద పాము, ముఖ్యంగా జత కట్టే కాలంలో మగది, కొన్ని నెలలు తినకుండా ఉండి బరువు పెద్దగా కోల్పోదు. ఇదొక్కటే ఈ జాతిని పెంచేవారిని పిచ్చెక్కించే గుణం, ఇదే వాటిని కాపాడే గుణం కూడా. పిల్ల పాముకు అంత నిల్వ ఉండదు. మీ పుస్తకంలో రాసుకున్న బరువులో 10 శాతం తగ్గినా, వెన్నెముక గట్టులా పైకి తేలి ఒళ్లు త్రికోణంలా కనిపించినా, సరీసృపాలు తెలిసిన పశువైద్యుల దగ్గరకు వెళ్లండి. నోరు తెరిచి బలవంతంగా తోయడం మీ పని కాదు. గొంతు చీరుకుపోతుంది. బతికి బయటపడ్డా పట్టకారు చూస్తేనే పారిపోతుంది.

తిన్నది కక్కేస్తే 10 నుంచి 14 రోజులు ఏమీ పెట్టకండి, శుభ్రమైన నీళ్లు మాత్రం ఉంచండి. తర్వాత మామూలు ఎరలో సగం పరిమాణంది పెట్టండి. కక్కడం పెద్ద ఎర వల్లా, తక్కువ వేడి వల్లా, తిన్నాక పట్టుకోవడం వల్లా జరుగుతుంది. మూడూ లేకుండా రెండోసారి కక్కితే వైద్యుల దగ్గరకే.

మైట్లు: శత్రువు తీరు తెలుసుకోండి

పాములను పట్టే మైటు పేరు ఓఫియోనిసస్ నాట్రిసిస్. రక్తం తాగిన ఆడపురుగు ఒకటిన్నర మిల్లీమీటరుకు కాస్త తక్కువగా, నల్లగా గుండ్రంగా ఉంటుంది. కళ్ల చుట్టూ పొలుసు అంచులో, గడ్డం కింది గాడిలో, పెదవి మీది వేడి గుంటల్లో, మలద్వారం దగ్గర చూడండి. కంటి పొలుసు చుట్టూ చిన్న గట్టు కట్టినట్టు ఉబ్బి కనిపిస్తే దాని కింద పురుగులుండే అవకాశం ఎక్కువ. పొలుసుల మీద బూడిద రాలినట్టున్న తెల్లటి మరకలు వాటి మలం. ఎప్పుడూ నీళ్ల గిన్నెలోనే పడుకునే పామునూ అనుమానించాలి. గిన్నె అడుగున నల్లచుక్కలు మునిగి ఉన్నాయేమో చూడండి.

పెట్టెలో కనిపించే ప్రతి చిన్న పురుగూ ఇదే కాదు. తడి పొట్టులో తిరిగే లేతరంగు పురుగులు కుళ్లు తిని బతికేవి, పాము జోలికి రావు. తాకితే గెంతేవి స్ప్రింగ్‌టెయిల్స్, వాటి వల్లా ప్రమాదం లేదు. పాము ఒంటి మీద కనిపించినదే లెక్క.

ఈ పురుగు జీవితం ఐదు దశలు: గుడ్డు, లార్వా, మొదటి పిల్లదశ, రెండో పిల్లదశ, పెద్దది. రక్తం తాగేది మొదటి పిల్లదశలోనూ పెద్దయ్యాకనూ మాత్రమే. మిగతా కాలం పాము మీద ఉండదు, పెట్టె మూలల్లో, చెక్క పగుళ్లలో, మూత అంచుల్లో దాక్కుంటుంది. ఆడది జీవితకాలంలో 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది, అవీ చీకటి సందుల్లోనే. పాములకు హాయిగా ఉండే వేడి, తేమలే దానికీ కావాలి, ఆ వాతావరణంలో రెండు, మూడు వారాల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది. పాముకు స్నానం చేయించి చేతులు దులుపుకున్నవారికి నెల తిరక్కుండా మళ్లీ ఎందుకు పడతాయో ఇందులోనే ఉంది. పోరు పాము మీద సగమే, మిగతా సగం పెట్టె మీద.

వీటిని తేలిగ్గా తీసుకోకండి. రక్తం పోయి పిల్ల పాములు నీరసించి చచ్చిపోతాయి. ఏరోమోనాస్ వంటి బాక్టీరియాను ఒక పాము నుంచి మరో పాముకు మోస్తాయి. పైథాన్లకు, బోవాలకు ప్రాణాంతకమైన ఇంక్లూజన్ బాడీ వ్యాధి వ్యాప్తిలోనూ వీటి పాత్ర ఉందని వైద్యుల అనుమానం. మన చర్మం మీద కూడా కొరికి దద్దుర్లు తెప్పించగలవు.

వదిలించే పని

మొదట పామును బయటకు తీసి స్నానానికి పెట్టండి. గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు, పాము ఒంటి మందం దాటకుండా పోయండి. తల పైకెత్తి నిశ్చింతగా ఊపిరి పీల్చుకోగలగాలి. 20, 30 నిమిషాలు మీరు పక్కనే కూర్చోండి. మునిగిన పురుగులు అడుగుకు చేరతాయి, తెలివైనవి తల మీదికి ఎక్కుతాయి. వాటి కోసం దూది పుల్లను ఆలివ్ నూనెలో కొద్దిగా ముంచి గడ్డం గాడి వెంట, కంటి పొలుసు అంచు వెంట మెల్లగా రాయండి. కంటి మీద నొక్కకండి. ఒళ్లంతా నూనె పూయడం, సబ్బు నురగలో నానబెట్టడం వద్దు.

పాము స్నానంలో ఉండగానే, లేదా శుభ్రమైన ఇంకో డబ్బాలో ఉండగా, పెట్టె ఖాళీ చేయండి. కింద పరిచినదంతా సంచిలో కట్టి ఆ క్షణమే ఇంటి బయటి చెత్తలో వేయండి. చెక్క కొమ్మలు, కార్క్ బెరడు, తీగలు ఎంత ముద్దొచ్చినా పారేయడమే మేలు, వాటి పగుళ్లలో గుడ్లు ఏ బ్రష్‌కూ అందవు. ప్లాస్టిక్ గూళ్లు, పింగాణీ గిన్నెలు బాగా వేడి నీళ్లలో సబ్బుతో రుద్ది కడగండి. పెట్టె కీళ్లు, జారే అద్దాల గాడి, మూత జాలీ అంచు, హీటర్ తీగ లోపలికొచ్చే రంధ్రం, వీటిని పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి. పెట్టె పెట్టిన బల్ల వెనక, గోడ అంచుల్లో కూడా తుడవండి. ఫినాయిల్ వంటి ఫినాల్ ద్రవాలు సరీసృపాలకు విషం, వాడకండి. అంతా ఆరాక కొత్త తెల్ల కాగితం, రెండు సాదా ప్లాస్టిక్ గూళ్లు, నీళ్ల గిన్నె, అంతే.

తేమ తగ్గించి మైట్లను ఎండగట్టాలని కొందరు చూస్తారు. అవి చచ్చేలోపు పాము కుబుసం ఒంటికి అతుక్కుని ఇంకో సమస్య తెస్తుంది.

మందుల దగ్గర జాగ్రత్త రెండింతలు కావాలి. సరీసృపాల పెట్టెల కోసమే తయారుచేసిన తక్కువ గాఢత పెర్మెథ్రిన్ స్ప్రేను ఖాళీ పెట్టె మీద, లేబుల్ మీద చెప్పినంతే కొట్టి, తలుపులు తెరిచి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పామును వదలాలి. నీళ్ల గిన్నెను స్ప్రే దగ్గర ఉంచవద్దు. పెర్మెథ్రిన్ పిల్లులకు, చేపలకు ప్రాణాంతకం. ఇంట్లో అవి ఉంటే దాని జోలికి వెళ్లకముందే వైద్యులతో మాట్లాడండి. ఫిప్రోనిల్, ఐవర్‌మెక్టిన్ పాముల మీద వాడేవే అయినా మోతాదు వైద్యులే నిర్ణయించాలి. ఐవర్‌మెక్టిన్ తాబేళ్లను చంపేస్తుంది కాబట్టి అవి కూడా పెంచేవారు ఈ మాట రెండుసార్లు చదవాలి. బొద్దింకల స్ప్రే, చీమల మందు, దోమల ద్రవం పాము దగ్గరకు రానివ్వకండి.

మందు ఇష్టం లేనివారికి మైట్లను తినే మైట్లు ఉన్నాయి. స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్, కీలెటస్ ఎరుడిటస్ అనేవి అమ్ముతారు, పాముకు హాని చేయవు. తక్కువగా పట్టినప్పుడు, మళ్లీ రాకుండా కాపలాకు అవి బాగుంటాయి. మందు కొట్టిన పెట్టెలో వేస్తే ముందు చచ్చేవి అవే, కాబట్టి ఏదో ఒక దారే ఎంచుకోండి. తీవ్రంగా పట్టిన పాముకు వాటి మీద మాత్రమే ఆధారపడమని నేను చెప్పను.

స్నానం రెండు మూడు రోజులకోసారి, కాగితం రోజూ, పెట్టె మొత్తం కడగడం 5 నుంచి 7 రోజులకోసారి. మూడో వారానికి ఒక్క చుక్క కూడా కనిపించదు, అక్కడే చాలామంది ఆపేస్తారు. మీరు ఆపకండి. ఆఖరి మైటు కనిపించిన రోజు నుంచి కనీసం 4 వారాలు కాగితం, తుడిచే పరీక్ష కొనసాగాలి. మొత్తం 6 వారాలకు సిద్ధపడండి.

ఈ మధ్యలో మేత మాటేమిటి? పురుగులు బాగా తగ్గేవరకు ఆగండి. తర్వాత మామూలు కన్నా చిన్న ఎర పెట్టండి. తినిపించిన రోజు నుంచి 3 రోజులు స్నానం లేదు, పట్టుకోవడం లేదు, అవసరమైతే కాగితం ఒక్కటే మార్చండి. మందు వాడిన నేల మీద ఎర తగలకుండా పట్టకారుతో గానీ, శుభ్రమైన పళ్లెంలో గానీ ఇవ్వండి. మైట్లు పోయాక ఎన్నో వారాలుగా మొండికేసిన పాము తానే గూట్లోంచి తల బయటపెట్టి ఎదురుచూడటం మామూలే.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, నోటి లోపల రంగు పాలిపోవడం, తల వెనక్కి వంచి పైకి చూస్తూ ఉండిపోవడం, ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పైడర్ అనే రంగు రకం బాల్ పైథాన్లలో తల ఊగడం పుట్టుకతో వచ్చే జన్యులోపం, దాన్ని చూసి మైట్ల మందు కొట్టేయకండి.

ఇంకో పాము తెచ్చినప్పుడు

ఇంకో పాము తెచ్చుకుంటే వేరే గదిలో, వేరే పట్టకారు, వేరే నీళ్ల గిన్నెతో 90 రోజులు ఉంచండి. రోజూ పాత పాముల పని ముందు, కొత్తదాని పని చివర చేసుకోండి. కొత్తదాన్ని ముట్టుకున్నాక చేతులు మోచేతుల వరకు కడిగి, చొక్కా మార్చుకున్నాకే పాత పాముల గదిలోకి వెళ్లండి. అంగడిలోనో ఇంకెవరి ఇంట్లోనో పాములను ఎత్తుకుని వచ్చిన రోజు కూడా ఇదే పద్ధతి.